పదమూడో గేటు దగ్గర కంచె

2023 నవంబర్ 29 రాత్రి. తెల్లారితే తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగ్. ఆ రాత్రి ఆంధ్రప్రదేశ్ పోలీసులు వందల సంఖ్యలో నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి చేరారు. డ్యామ్‌కున్న 26 గేట్లలో పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. అక్కణ్నించి కుడిగట్టు దాకా తమదేనన్నారు. మర్నాడు కుడికాలువ తూములు తెరుచుకున్నాయి. కంచె అవతల తెలంగాణ పోలీసులు మోహరించారు. రెండు ఖాకీ దళాలు, రెండూ తెలుగే మాట్లాడేవి, ఒకే వంతెన మీద ఎదురుబొదురుగా నిలబడ్డాయి.

డిసెంబర్ 1న కేంద్ర హోంశాఖ కార్యదర్శి రెండు రాష్ట్రాల అధికారులతో వీడియో కాన్ఫరెన్స్ పెట్టి ఒక ఒప్పందానికి తెచ్చారు. నవంబర్ 28 నాటికి ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడికి వెళ్లాలి. డ్యామ్ కాపలా కేంద్ర రిజర్వ్ పోలీసు దళం, అంటే సీఆర్‌పీఎఫ్ చూసుకుంటుంది. నీటి విడుదల మీద కృష్ణా నదీ యాజమాన్య బోర్డు కన్నేసి ఉంచుతుంది. ఏర్పాటు తాత్కాలికమే అన్నారు. 2024 గడిచి 2025 వచ్చినా ఆ జవాన్లు సాగర్ మీదే ఉన్నారు.

పోట్లాడుకునే ఇద్దరి మధ్య గీత గీసి, మూడో మనిషిని నిలబెట్టి, గడువు తీరగానే ఆ గడువును పొడిగించడం ప్రపంచానికి కొత్త కాదు. కశ్మీర్‌లో కాల్పుల విరమణ రేఖను చూడడానికి ఐక్యరాజ్యసమితి పరిశీలకులు 1949 జనవరిలో వచ్చారు. 1971 యుద్ధం తర్వాత వాళ్ల పని ముగిసిపోయిందని భారత్ అంటూనే ఉంది, వాళ్లు అక్కడే ఉన్నారు. సైప్రస్‌కు 1964 మార్చిలో శాంతిదళాన్ని పంపేటప్పుడు భద్రతా మండలి ఇచ్చిన గడువు మూడు నెలలు. దానికి సేనానిగా వెళ్లిన మన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబర్‌లో ఆ దీవిలోనే కన్నుమూశారు. దళం మాత్రం ఆరు దశాబ్దాలుగా కొనసాగుతోంది. సిరియా, ఇజ్రాయెల్ మధ్య గోలన్ కొండల మీద 1974లో ఆరు నెలలకని పెట్టిన పరిశీలక దళానిదీ అదే దారి. ఆరు నెలలకోసారి తీర్మానం, మళ్లీ ఆరు నెలలు.

ఆ దేశాల రక్తపాతానికీ మన నీటి తగాదాకూ పోలిక లేదు, ఉండకూడదు కూడా. అయితే కాపలా పొడిగింపు వెనకున్న తర్కం ఒక్కటే: తీర్పు కుదరనప్పుడు కనీసం తగువు ముదరకుండా చూడడం. ఆ తర్కం మంచి చెడ్డలు తెలియాలంటే డ్యామ్ దగ్గర కన్నా నది దిగువన, బెజవాడలో నిలబడి చూడాలి. ఎగువన ఎవరు ఏం చేసినా ఫలితం చివరకు తేలేది ప్రకాశం బ్యారేజీ దగ్గరే.

ఈ కథకు మొదలు కరువులో ఉంది. 1832–33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసింది. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర మంది దాకా పోయారని లెక్క. పక్కనే ఏడాదికేడాది నిండుగా పారే నది సముద్రంలో కలిసిపోతూ ఉంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచనే కృష్ణకూ దారి చూపింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ మధ్య 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. పునాది ఇసుకలోనే వేశారు. రాయి రెండు గట్ల కొండల నుంచే తెచ్చారు. అక్కణ్నించి తూర్పున బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, పడమటి వైపు కొమ్మమూరు కాలువ పారాయి. రేగడి నేలలు వరి మాగాణులయ్యాయి.

ఆనకట్టతో పాటు ఒక కొత్త కొలువు కూడా పుట్టింది. లస్కరు. లాకుల దగ్గర తలుపులు ఎత్తేది దించేది అతనే. ఏ కాలువలో ఎన్ని అడుగుల నీరుందో చూసి, పైవాళ్లు చెప్పినంతే వదిలేదీ అతనే. డెల్టాలో లస్కరు మాటకు ఒక కాలంలో ఉన్న బరువు పెద్ద ఉద్యోగుల మాటకు కూడా ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. ఎగువ ఊరి రైతు బోదెకు అడ్డుకట్ట వేస్తే, దిగువ ఊరి రైతు పార పట్టుకుని బయల్దేరితే, ఇద్దరి మధ్యా వెళ్లి నిలబడాల్సింది అతను. అతని చేతిలో ఆయుధం లేదు. ఉన్నదల్లా గేటు తాళం చెవి, నీటిమట్టం చూపించే గేజీ రాయి. ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసి ఉండేది కాబట్టి తగాదా ఎంత పెద్దదైనా అక్కడికక్కడ సద్దుమణిగేది.

శాంతి కాపలా అనే పనిని డెల్టా అంత చిన్న కొలతలో, అంత చిన్న గట్టు మీద నేర్చుకుంది. ఈ కథలో నిజంగా తలుచుకోవాల్సింది మాత్రం ఆ గేజీ రాయినే.

ఎందుకంటే బెజవాడ ఆనకట్ట దగ్గర నది ప్రవాహాన్ని ఏళ్ల తరబడి లెక్కగట్టి రాసి ఉంచారు. ఆ లెక్కే తర్వాత నాలుగు రాష్ట్రాల తలరాతయింది. 1951 జూలైలో ప్రణాళికా సంఘం బొంబాయి, హైదరాబాద్, మద్రాసు, మైసూరు రాష్ట్రాలను పిలిచి కృష్ణ నీళ్లను 25 ఏళ్లకు పంచింది. మైసూరు ఒప్పుకోలేదు. ఈలోగా ఆంధ్ర ఏర్పడింది, ఆపై భాషా రాష్ట్రాలు వచ్చాయి, గీతలన్నీ మారిపోయాయి. 1952 వరదలో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 70 గేట్లతో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబర్ 24న మొదలైంది. ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు అప్పటికి ఏడు నెలల క్రితమే, మే 20న కన్నుమూశారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ పైన లేస్తోంది. దాని కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఊరూరా తిరిగి, సొంత సొమ్ము పెట్టి పోరాడిన సంగతి ఈ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1961లో వేసిన గుల్హతి కమిషన్ అన్నీ చూసి, ప్రవాహ లెక్కలు చాలవు, ముందు సరిగ్గా కొలవండి అని తేల్చింది.

1969 ఏప్రిల్ 10న జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునల్ కూర్చుంది. మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ తలా ఒక లెక్క పట్టుకొచ్చాయి. చివరికి అందరూ నిలబడ్డ గట్టి నేల విజయవాడ దగ్గరి ప్రవాహ లెక్క. 1894–95 నుంచి 1971–72 దాకా, 78 ఏళ్ల వరుస. నూరేళ్లలో 75 ఏళ్లు ఖాయంగా దొరికే నీరెంత అని దాన్నుంచి లెక్కేస్తే 2,060 టీఎంసీలు తేలింది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. పొలాల నుంచి తిరిగి నదిలోకి చేరే నీటిని కూడా కలిపితే 2,130. అందులో మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఆంధ్రప్రదేశ్‌కు 811. ఆ 811లో పాత హక్కుగా కృష్ణా డెల్టాకు దక్కింది 181.2 టీఎంసీలు. 1973 డిసెంబర్ 24న మొదటి తీర్పు, 1976 మే 31న గెజిట్. ఇంత పెద్ద నది పంపకం మొదటి తీర్పు దాకా రావడానికి పట్టింది నాలుగేళ్ల ఎనిమిది నెలలు. గొప్ప పని అది. బచావత్ తీర్పులో తమకు అన్యాయం జరిగిందనేవాళ్లు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నారు, తెలంగాణలో ఆ బాధ మరీ లోతైనది. అయినా తీర్పంటూ ఒకటి వచ్చింది, దాని మీద నిలబడి మూడు దశాబ్దాలు సాగు నడిచింది.

తర్వాతి కథ వేరు.

2000 మే 31 తర్వాత తీర్పును తిరిగి చూడొచ్చని బచావతే వెసులుబాటు ఇచ్చారు. ఆ ప్రకారం 2004 ఏప్రిల్ 2న జస్టిస్ బ్రిజేశ్ కుమార్ అధ్యక్షతన రెండో ట్రిబ్యునల్ ఏర్పడింది. అప్పటికి 2002లో మొదలుపెట్టి వరుస కరువులతో డెల్టా అల్లాడిపోయి ఉంది. నదీ జలాల వివాదాల చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం ట్రిబ్యునల్ మూడేళ్లలో తేల్చాలి, కావాలంటే మరో రెండేళ్లు పొడిగించొచ్చు. 2010 డిసెంబర్ 30న నివేదిక వచ్చింది. ఈసారి 1961–62 నుంచి 47 ఏళ్ల ప్రవాహం తీసుకుని, సగటు 2,578 టీఎంసీలని తేల్చి ఆంధ్రప్రదేశ్‌కు 1,001, కర్ణాటకకు 911, మహారాష్ట్రకు 666 అన్నారు. 2013 నవంబర్ 29న మరో నివేదికతో కొద్ది మార్పులు చేశారు. గెజిట్‌లో అచ్చు కాకుండా సుప్రీంకోర్టు ఆపింది. ఇంతలో 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది.

విభజన చట్టం 89వ సెక్షన్ ఈ ట్రిబ్యునల్ గడువునే పొడిగించి, ప్రాజెక్టుల వారీగా కేటాయింపులు చేయమంది. 2014 ఆగస్టు నుంచి రెండేళ్లు. తర్వాత ఏడాది, మళ్లీ ఏడాది. పంపకం నాలుగు రాష్ట్రాల మధ్యా, రెండింటి మధ్యేనా అన్న ప్రశ్నకు జవాబు రావడానికే 2016 అక్టోబర్ 19 దాకా పట్టింది. రెండింటి మధ్యే అన్నారు. 2023 అక్టోబర్‌లో కేంద్రం కొత్త విచారణాంశాలు ఇచ్చింది. వాటి మీద ఆంధ్రప్రదేశ్ కోర్టుకెళ్లింది. బచావత్‌కు నాలుగేళ్ల ఎనిమిది నెలలు చాలిన చోట రెండో ట్రిబ్యునల్‌కు ఇరవై ఏళ్లు దాటింది. 2004లో పుట్టిన పిల్లవాడు ఇప్పుడు పొలం పనులు చూసుకునే వయసుకు వచ్చాడు.

ఆ ఖాళీలోకి బోర్డు వచ్చింది. విభజన చట్టంతోనే పుట్టిన కృష్ణా బోర్డుకు నీళ్లు పంచే అధికారం లేదు, పంచినవి సక్రమంగా వెళ్తున్నాయో లేదో చూసే బాధ్యత ఉంది. అంటే పరిశీలక దళం. 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని 2015 జూన్‌లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటునే ఏటా లాక్కొస్తున్నారు. కనీసం సగమైనా కావాలని తెలంగాణ పట్టు. పరీవాహక ప్రాంతం తమ వైపు ఎక్కువ, కేటాయింపు తక్కువ అన్నది వాళ్ల వాదన. కాదు, ఉన్న ఆయకట్టే ప్రాతిపదిక, దాన్ని ఎండబెట్టి కొత్తది తడపలేరు అన్నది ఆంధ్ర వాదన. రెండు వాదనల్లోనూ బలం ఉంది. అందుకే ఇది ఇద్దరూ తమలో తాము తేల్చుకునేది కాదు.

కలిసి ఉన్న రోజుల్లో ఒకే ఇంజనీరింగ్ శాఖ సాగర్, శ్రీశైలం రెండూ నడిపింది. విడిపోయాక సాగర్ నిర్వహణ తెలంగాణకు, శ్రీశైలం ఆంధ్రకు వెళ్లాయి. సాగర్ కుడికాలువ పారేది ఆంధ్రలో, దాని తూము తాళం మాత్రం తెలంగాణ చేతిలో. 2015 ఫిబ్రవరిలోనే రెండు రాష్ట్రాల పోలీసులు డ్యామ్ మీద తోపులాటకు దిగారు. 2021 వేసవి చివర్లో మరో చిచ్చు రేగింది. శ్రీశైలం, సాగర్, పులిచింతలల్లో తెలంగాణ పూర్తిస్థాయిలో కరెంటు తీసింది. నారుమళ్లకు నీరు ఇంకా అక్కర్లేని రోజుల్లో ఆ నీళ్లన్నీ ప్రకాశం బ్యారేజీకి చేరాయి. బ్యారేజీలో నిలవ ఉండేది మూడు టీఎంసీలే. గేట్లెత్తి సముద్రానికి వదలడం తప్ప దారి లేకపోయింది. మూడు డ్యామ్‌ల దగ్గరా పోలీసులను దించారు.

అప్పుడు ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ఉన్నది జస్టిస్ నూతలపాటి వెంకటరమణ. నాటి కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టినవారు. ఆగస్టు 2న ఆయన, తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్నని, చట్టపరంగా తాను విచారించలేనని, మధ్యవర్తిత్వంతో తేల్చుకోమని సూచించారు. రెండు రోజుల తర్వాత, తమకు న్యాయ విచారణే కావాలని ఆంధ్రప్రదేశ్ తెలపడంతో కేసును వేరే ధర్మాసనానికి పంపించారు. ఆ పుట్టుక, ఆ కుర్చీ, ఆ మాట కలిసిన ఘడియ తెలుగువాళ్ల చరిత్రలో గుర్తుంచుకోవాల్సినది. మధ్యవర్తి చేయి చాచాడు. పట్టుకోవాల్సిన చేతులు ముందుకు రాలేదు. ఆ తర్వాత దాదాపు రెండేళ్ల నాలుగు నెలలకు పదమూడో గేటు దగ్గర కంచె లేచింది.

సీఆర్‌పీఎఫ్ రాకతో మేలు జరగలేదా? జరిగింది. డ్యామ్ మీద మళ్లీ రెండు పోలీసు దళాలు తలపడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఏ శాంతిదళమైనా గర్వంగా చెప్పుకోదగ్గ ఫలితమే అది. అయితే జవాను తుపాకీతో కంచె కాయగలడు, నీటిని కొలవలేడు. ఎంత నీరొచ్చింది, ఎవరు ఎంత వాడారు అన్న లెక్క తేలకపోతే కాపలా ఎన్నిసార్లు పొడిగించినా తగువు అక్కడే ఉంటుంది.

ఆ లెక్క తేల్చడానికి దారి కూడా ఎప్పుడో ఒప్పుకున్నదే. 2016 సెప్టెంబర్ 21న ఇద్దరు ముఖ్యమంత్రులూ కూర్చున్న అపెక్స్ కౌన్సిల్ తొలి సమావేశంలో టెలిమెట్రీ పెట్టాలన్నారు. కాలువల మీద, తూముల దగ్గర యంత్రాలే ప్రవాహాన్ని కొలిచి ఎప్పటికప్పుడు పంపిస్తే ఒకరి మాట ఒకరు నమ్మాల్సిన పనే ఉండదని. కొన్ని చోట్ల పెట్టారు, మిగతావి ఆగిపోయాయి. ప్రాజెక్టులన్నీ బోర్డు చేతిలో పెడుతూ 2021 జూలై 15న కేంద్రం గెజిట్ ఇచ్చినా, అప్పగింతలు జరగలేదు. 2025 జూలై 16న ఢిల్లీలో మళ్లీ ఇద్దరు ముఖ్యమంత్రులు కేంద్ర జలశక్తి మంత్రి ముందు కూర్చుని మళ్లీ టెలిమెట్రీకే ఒప్పుకున్నారు. కృష్ణా బోర్డు ఆంధ్రప్రదేశ్‌కు, గోదావరి బోర్డు హైదరాబాద్‌కు అని కూడా అనుకున్నారు. రెండు ఒప్పందాల మధ్య తొమ్మిదేళ్లు.

ఈ తొమ్మిదేళ్లలో డెల్టా తన బతుకుతెరువు తానే వెతుక్కుంది. 181.2 టీఎంసీల్లో దాదాపు 80 సాగర్ నుంచి రావాలి, మిగిలిన 101 దాకా సాగర్ దిగువన మూసీ, పాలేరు, మునేరు, వైరాలు తెచ్చే వాననీరు. సాగర్ నీరు నమ్మకం కాదని తేలిపోయాక 2015 సెప్టెంబర్‌లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి. ఆ తర్వాత జూన్‌లోనే కాలువలు వదిలిన ఏళ్లున్నాయి. సార్వా ముందే పడి, తుపాన్ల రుతువుకు ముందే కోతలైన ఊళ్లున్నాయి. గోదావరి నీరు ఇటు మళ్లితే పైవాళ్లకూ వాటా ఉండాలని బచావతే అధ్యక్షుడిగా ఉన్న గోదావరి ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. 80 టీఎంసీలు మళ్లిస్తే 35 కర్ణాటక, మహారాష్ట్రలకు, 45 సాగర్ ఎగువకు. ఆ 45 తమవేనని తెలంగాణ అంటోంది. డెల్టాను కాపాడిన నీరే కొత్త తగువుకూ కారణమైంది. తీర్పు లేని చోట ప్రతి మంచి పనికీ ఇదే గతి.

నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను, అటు రేపల్లె, నిజాంపట్నం. ఇవి శివారు ఊళ్లు. పైన వాదన ఏదైనా కాలువలో ఒక అడుగు తగ్గితే ముందు ఎండేది వీళ్ల చేను. నీరు వెనకడుగు వేస్తే సముద్రపు ఉప్పు ముందడుగు వేస్తుంది. ఏ సమావేశం బల్ల దగ్గరా వీళ్లకు కుర్చీ లేదు. వీళ్లు అడిగేది కూడా పెద్దదేమీ కాదు: ఏ తేదీన ఎంత నీరొస్తుందో ముందు చెప్పండి, చెప్పింది చెయ్యండి.

78 ఏళ్ల పాటు బెజవాడ గట్టు మీద రోజువారీ నీటిమట్టం రాసినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్లు రాసిన అంకెల ముందు మూడు రాష్ట్రాలు తల వంచాయి. ఆ పని ఇప్పుడు మళ్లీ కావాలి. జూరాల నుంచి హంసలదీవి దాకా, ఆంధ్ర వైపు పోతిరెడ్డిపాడు సహా, తెలంగాణ వైపు కల్వకుర్తి సహా, ఎవరికీ మినహాయింపు లేకుండా ప్రతి తూము దగ్గరా కొలిచే యంత్రం పెట్టించండి. ఆ లెక్కను బోర్డు ఫైళ్లలో దాచకుండా ఏ రోజుకారోజు ప్రతి లాకు దగ్గర, ప్రతి నీటి సంఘం గోడ మీద, సాగర్ ఎడమకాలువ ఊళ్లలోనూ కుడికాలువ ఊళ్లలోనూ ఒకే అంకెతో తెలుగులో రాయించండి. ట్రిబ్యునల్‌కు ఇంకో గడువు ఇవ్వాల్సి వస్తే, తీర్పు చెప్పే తేదీని అందులోనే రాయండి. రెండు రాష్ట్రాల పాలకులకూ, కేంద్రానికీ ఈ నది చివరన ఉన్న రైతుల తరఫున చేసుకునే మనవి ఇది.